కడిగించుకునే ముందు కడుక్కోవలసిన కాళ్ళు

ఏటా ఈస్టరుకు ముందు వచ్చే గురువారం నాడు మా మిషను ఆసుపత్రిలో నాకొక ప్రత్యేకమైన డ్యూటీ ఉండేది. ఏ నర్సింగు క్లాసులోనూ చెప్పని డ్యూటీ. పన్నెండుమంది కాళ్ళు తనిఖీ చేయడం.

నవ్వకండి. మీలా కొత్తగా డ్యూటీల్లో చేరిన అమ్మాయిలు ఎక్కడ కనబడినా నన్ను ఒకటే అడుగుతారు, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని. ప్రాణం పోతున్న మనిషిని లాక్కొచ్చిన కథేదో చెబుతానని మీ ఆశ. అలాంటివీ ఉన్నాయి, కాదనను. కానీ రిటైరై ఇంట్లో కూర్చున్నాక పొద్దున కాఫీ తాగుతుంటే నాకు గుర్తొచ్చేది ఏ రోగీ కాదు. ఒక ఆయమ్మ కాళ్ళు. గుర్తొచ్చిన ప్రతిసారీ ఆ కాఫీ చేదవుతుంది.

యేసు ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగాడు కదా, దాని జ్ఞాపకంగా ఆ గురువారం సాయంత్రం ఆసుపత్రి చర్చిలో సూపరింటెండెంటు గారు నడుముకు తువ్వాలు కట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, పన్నెండుమంది కింది ఉద్యోగుల కాళ్ళు కడిగేవారు. ఆయాలు, స్వీపర్లు, వాచ్‌మన్, వంటమనిషి. దొరలు పెట్టిన ఆచారం. దొరలు వెళ్ళిపోయారు, ఆచారం ఉండిపోయింది. మొదట్లో ఎవరి కాళ్ళు ఎలా ఉంటే అలాగే కడిగేవారట. నేను చేరేనాటికి పద్ధతి మారింది. కడిగించుకునేవాళ్ళు ముందుగా చర్చి వెనక కుళాయి దగ్గర సబ్బుతో కాళ్ళు రుద్ది కడుక్కోవాలి. గోళ్ళు తీసుకోవాలి. మడమల పగుళ్ళు కనబడకుండా కొబ్బరినూనె రాసుకోవాలి. ఇదంతా సరిగ్గా జరిగిందా లేదా చూసే పని నాది. "మురికి కాళ్ళతో ఎవరైనా వస్తే మిమ్మల్నే అడుగుతాను సిస్టర్" అనేవారు సూపరింటెండెంటు. పళ్ళెం, గోరువెచ్చని నీళ్ళు, ఇస్త్రీ చేసిన తువ్వాలు, అన్నీ ఆపరేషను థియేటరుకు సర్దినంత జాగ్రత్తగా సర్దేదాన్ని. కడిగిన కాళ్ళనే మళ్ళీ కడుగుతున్నామన్న సంగతి చాలా ఏళ్ళు నా బుర్రకు తట్టనే లేదు.

మా ఆసుపత్రి పల్నాడు వైపు ఒక చిన్న టౌనులో ఉంది. పేరు చెప్పను, చెప్పినా ఒకటే. చుట్టూ పత్తి, మిరప చేలు. పురుగుమందు తాగినవాళ్ళు, తేలు కుట్టినవాళ్ళు, కాన్పులు, షుగరు పుళ్ళు, ఇవే మా కేసులు. పొద్దున్నే డ్యూటీ ఎక్కేముందు అందరం చర్చిలో చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళం. సూపరింటెండెంటు గారి ప్రార్థన వినితీరాలి. చక్కని గొంతు, చక్కని మాటలు. దేశాలూ, పాలకులూ, యుద్ధాలూ అన్నీ ఆ ప్రార్థనలోకి వచ్చేవి. డాక్టరుగా కూడా చేయి మంచిదే. ఆ మాట అనకపోతే నాది అబద్ధమవుతుంది.

మగవాళ్ళ వార్డులో ఉండేది మా ఆయమ్మ. వయసులో నాకంటే పెద్దది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆసుపత్రి వెనక వరుసలో ఒక గది ఇచ్చారు, అదే ఇల్లు. చదువు రాదు. ప్రార్థన అంటే ఆవిడకు పని చేస్తూ గొణుక్కోవడమే. మలం పళ్ళెం కడుగుతూ, "తండ్రీ, ఈ తాతకి ఈ పూటైనా విరేచనాలు కట్టేటట్టు చూడయ్యా" అనేది. పక్కబట్టలు మారుస్తూ, "ఈ పిల్లోడి తల్లి ఊళ్ళో ఏడుస్తా ఉంటది, తొందరగా పంపియ్యి" అనేది. చిన్న నర్సులు చాటుగా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను, దేవుడి దగ్గర ఇలాంటివా మాట్లాడేది అని.

ఆ ఏడాది చలికాలంలో దర్శి వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. పత్తి చేలకు కాపలా ఉండే మనిషి. అరికాలికి షుగరు పుండు. వార్డు ఆ చివర నిలబడినా వాసన తెలిసేది. చూడడానికి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. పుండు మానేది కాదు, మంచం ఖాళీ కాదు, పక్క మంచాల వాళ్ళు రోజూ గోల. చివరికి డిశ్చార్జి అని చెప్పి చక్రాల కుర్చీలో గేటు దాకా తీసుకెళ్ళి, టీ కొట్టు పక్క అరుగు మీద కూర్చోబెట్టి వచ్చారు. ఎవరైనా వచ్చి తీసుకెళతారు అన్నారు. ఎవరు వస్తారో అన్నవాళ్ళకూ తెలియదు.

డ్యూటీ దిగి వెళుతూ ఆయమ్మ చూసింది ఆయన్ని. భుజం పట్టి లేపి, పక్క సందులోంచి లోపలికి తెచ్చి, చర్చి వెనక మెట్ల కింద చాప పరిచి పడుకోబెట్టింది. మర్నాడు నా దగ్గరికి వచ్చి, "సిస్టరమ్మా, కాస్త గుడ్డ, మందునీళ్ళు కావాల" అంది.

"ఎవరికి?"

"మీకెందుకమ్మా, అడిగితే ఇయ్యండి. రేపు మిమ్మల్నెవరన్నా అడిగితే తెలవదని చెప్పడానికి బావుంటది."

తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు. వెళ్ళి చూశాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో చూసిన నేనే ఆ కాలు చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆయమ్మ తిప్పుకోలేదు. ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, "కదలబాక పెద్దాయనా, అయిపోయింది, అయిపోయింది" అంటూ నిదానంగా కడిగింది. కట్టు నేను కట్టాను. ఆనాటి నుంచి రోజూ ఆవిడ కడగడం, నేను కట్టడం. ఆయన పుండు అడుగున ఎర్రగా కొత్త కండ పుట్టడం మొదలైంది, అంటే మానే దారిలో పడ్డట్టు. మీకు తెలుసు కదా, ఆ ఎరుపు చూస్తే నర్సుకు ఎంత సంతోషమో.

అప్పుడే ఆసుపత్రికి ఏదో గుర్తింపు కోసం పెద్దవాళ్ళు తనిఖీకి వచ్చారు. గోడలకు సున్నాలు, కిటికీలకు కొత్త తెరలు. సూపరింటెండెంటు గారు వాళ్ళకు పాత చర్చి చూపిస్తూ వెనక్కి తీసుకెళ్ళారు. మెట్ల కింద ముసలాయన లేచి కూర్చుని దణ్ణం పెట్టాడట. వచ్చినవాళ్ళు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే ముసలాయనను వ్యానులో గుంటూరు పెద్దాసుపత్రికి పంపించేశారు. ఆయమ్మను రేపటి నుంచి రావద్దన్నారు. నెలాఖరుకల్లా గది ఖాళీ చేయమన్నారు.

మందూ గుడ్డా ఇచ్చింది నేనేనని నేనే వెళ్ళి సూపరింటెండెంటు గారికి చెప్పాను. ఆయన విననట్టే ఊరుకున్నారు. వార్డు నడపడానికి నేను కావాలి మరి.

"సార్, ఆవిడ దొంగతనం చేయలేదు. ఎవరూ లేని మనిషిని చూసుకుంది. అంతేగా."

"క్రమశిక్షణ అని ఒకటుంది సిస్టర్."

"వెళ్ళగొడితే ఆవిడకు ఇల్లు కూడా లేదు."

ఆయన కళ్ళు మూసుకుని, మెల్లగా అన్నారు. "ప్రార్థనలో పెడదాం."

ఆ మాట సంగతి మీకు చెప్పాలి. మా దగ్గర 'లేదు' అనే మాట ఎవరూ వాడేవారు కాదు. సెలవడిగితే ప్రార్థనలో పెట్టేవారు. నైటు డ్యూటీకి ఇంకో మనిషిని అడిగితే ప్రార్థనలో పెట్టేవారు. అక్కడ పెట్టింది ఏదీ తిరిగి రావడం నేను చూడలేదు. దేవుడి మీదికి నెట్టేస్తే ఇక ఎవరితో పోట్లాడతాం? ప్రార్థన అంటే చిన్నప్పటి నుంచి నాకు ప్రాణం. ఆ మాటను అలా వాడుకోవడం చూస్తే ఒళ్ళు మండిపోయేది.

ఆయమ్మ మిరప కల్లంలో కూలికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ వారాలు మా వైపు ఎక్కడ చూసినా కల్లాలే కదా.

గురువారం దగ్గర పడింది. ఈసారి పై ఆఫీసు నుంచి పెద్దయ్యగారు, అంటే మా మిషను ఆసుపత్రులన్నిటికీ పెద్ద, వస్తున్నారు. ఫోటోగ్రాఫరును పిలిపించారు. సూపరింటెండెంటు గారు నన్ను పిలిచి, "ఆయమ్మను కూడా కూర్చోబెట్టండి సిస్టర్" అన్నారు.

"పనిలోకి తీసుకుంటున్నారా సార్?"

"ఏటా కూర్చునే మనిషి. పన్నెండుమందిలో ఒకరు తగ్గితే పెద్దయ్యగారు అడుగుతారు. ముందు రానివ్వండి. సమాధానపడితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి."

నేను ఆశపడ్డాను. ఎందుకు పడనూ? ఒక మనిషి ఇంకో మనిషి కాళ్ళు పట్టుకుని కడిగి, ఆ మనిషినే మర్నాడు వీధిలోకి నెడతాడని ఎవరు అనుకుంటారు? ఆటో మాట్లాడుకుని కల్లం దగ్గరికి వెళ్ళాను. కంటి చూపు ఆనినంత మేర ఎర్రగా పరిచిన కాయలు. ఆయమ్మ చీర ఎగదోపుకుని, వాటి మధ్య కాళ్ళీడుస్తూ నడుస్తూ కాయల్ని తిరగేస్తోంది, కిందివి పైకి వచ్చి ఎండాలని. నాకు అల్లంత దూరానే దగ్గు మొదలైంది.

సంగతి చెప్పాను. ఆవిడ ఆగి, నుదురు తుడుచుకుని, "పనిలోకి రమ్మన్నట్టేనా అమ్మా?" అంది.

"సమాధానపడితే అన్నీ సర్దుకుంటాయన్నారు."

"నాకేం కోపం లేదు సిస్టరమ్మా. ఆ గది ఉంటే చాలు. వార్డు లేకపోతే నాకు పొద్దు పోటం లేదు. వస్తా."

గురువారం సాయంత్రం పదకొండుమందీ కాళ్ళు కడుక్కుని, నూనె రాసుకుని వరుసగా కూర్చున్నారు. ఆయమ్మ రాలేదు. కల్లం రైతు ముందుగా వదలనన్నాడట. గంట కొడుతుండగా పరుగులాంటి నడకతో వచ్చింది, పని బట్టల్లోనే, వట్టి కాళ్ళతో.

"కుళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కో ఆయమ్మా" అన్నాను అలవాటుగా.

ఆవిడ నావైపు చూసింది. "ఇప్పుడాయన కడుగుతాడంటగా. మళ్ళా నేనెందుకమ్మా?"

ఎత్తిపొడుపు కాదది. పొద్దుటి నుంచి నిలబడి ఉన్న మనిషి అలసటగా అడిగిన మాట. ఆవిడ పాదాలవైపు చూశాను. పగుళ్ళలో నల్లమట్టి, దానిపైన ఎర్రటి మిరప దుమ్ము. ఘాటుకు నాకు తుమ్ము వచ్చింది. మిరప నేలలో పుట్టి పెరిగినదాన్ని, ఆ కాళ్ళు ముట్టుకున్న చేతులకు ఏమవుతుందో నాకు తెలియదా? గట్టిగా ఒక్క మాట చెబితే ఆవిడ వెళ్ళి కడుక్కునేదే. చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఈ ఒక్కసారైనా ఆయన కడగవలసిన కాళ్ళు కడుగుతారు, కడగనీ అనుకున్నాను. పోయి కూర్చోమన్నాను. ఇందుకు నేనేమీ బాధపడడం లేదని ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ఆయమ్మది చివరి కుర్చీ. ఆయన ఒక్కొక్కరి ముందూ మోకరించి కడుగుతూ వచ్చారు. ఆవిడ దగ్గరికి వచ్చి పాదాలు పళ్ళెంలో పెట్టగానే నీళ్ళు ఎర్రబడ్డాయి. తలెత్తి నావైపు ఒక్క చూపు చూశారు. ఫోటోగ్రాఫరు ఎదురుగా ఉన్నాడు, పెద్దయ్యగారు పక్కనే ఉన్నారు, ఏం చేస్తారు? కడిగారు. తువ్వాలుతో తుడిచారు. ఎండాకాలం, చర్చి నిండా జనం, ఆయనకు చెమటలు కారిపోతున్నాయి. అదే తువ్వాలు కొంగుతో ముఖమూ కళ్ళూ తుడుచుకున్నారు.

కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ముఖం ఎర్రబడింది, పెదవులు వణికాయి. వెనక బెంచీల్లోంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇంకెవరో వెక్కడం మొదలుపెట్టారు. చూస్తుండగానే చర్చంతా ఏడుపు. ఇంత చదువుకున్న డాక్టరు, ఒక ఆయా కాళ్ళ దగ్గర కూర్చుని కన్నీరు కారుస్తున్నాడు. ఎవరికి గుండె కరగదు? ఫోటోగ్రాఫరు వంగి వంగి తీస్తున్నాడు.

చేతులతో కళ్ళు నలపబోతున్న ఆయన మణికట్లు రెండూ గబుక్కున పట్టుకుంది ఆయమ్మ. "నలపబాకయ్యా, నలపబాక. ఇంకా మండుద్ది" అంది మెల్లగా. మంట కాస్త తగ్గిందాకా అలా పట్టుకునే ఉంది. తరువాత, ఆయనకు మాత్రమే వినబడాలన్నట్టు ముందుకు వంగి అడిగింది.

"అయ్యా, రేప్పొద్దున డ్యూటీకి రానా?"

పక్కనే నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డాను కాబట్టి నేను విన్నాను. పెద్దయ్యగారు కూడా విన్నారు, ఆయన ముఖం చూస్తే తెలిసింది. పెద్దయ్యగారు రెండు చేతులూ పైకెత్తి, ఇలాంటి తగ్గింపు కలిగిన సేవకుణ్ణి మాకు ఇచ్చినందుకు వందనాలు అని గట్టిగా ప్రార్థన అందుకున్నారు. అది ముగిసీ ముగియకముందే గాయకులు పాట ఎత్తుకున్నారు. పాట అయ్యేసరికి సూపరింటెండెంటు గారిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని లోపలికి నడిపించుకుపోయారు. ఆయమ్మ కాసేపు అలాగే కూర్చుంది. తరువాత లేచి, ఎవరూ చెప్పకుండానే, ఎర్రనీళ్ళ పళ్ళెం తీసుకెళ్ళి తోమి పెట్టింది.

ఈస్టరు ఆదివారం సూపరింటెండెంటు గారే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు. ఒక బీద స్త్రీ పాదాల దగ్గర దేవుడు నా గర్వాన్ని విరగ్గొట్టాడు, ఆపుకోలేకపోయాను అన్నారు. మళ్ళీ చర్చంతా కళ్ళు తుడుచుకుంది.

సోమవారం నన్ను గదికి పిలిచారు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఆవిడ కావాలనే కాళ్ళకు కారం పూసుకొచ్చింది. పరిశుద్ధ ఆరాధనలో నన్ను అవమానించాలని. మీరు దగ్గరే ఉన్నారు. కమిటీ వేస్తున్నాను, మీరు వచ్చి చెప్పాలి."

"చెబుతాను సార్. కానీ ఒక్కటి తేల్చండి. ఆ కన్నీళ్ళు దేవుడు తెప్పించాడని నిన్న చర్చిలో చెప్పారు. మిరపకాయ తెప్పించిందని ఇవాళ ఇక్కడ చెబుతున్నారు. కమిటీలో నన్ను ఏది చెప్పమంటారు?"

ఆయన గోడకున్న సిలువవైపు తిరిగారు. ఇప్పుడైనా లొంగుతాడేమో, తప్పయిందంటాడేమో అని నాలో ఒక పిచ్చి ఆశ. మళ్ళీ ఇటు తిరిగి అన్నారు.

"మీ గురించి కూడా ప్రార్థిస్తాను సిస్టర్."

ఆ వారంలోనే నన్ను వార్డు నుంచి తీసి దుప్పట్ల స్టోరులో వేశారు. కమిటీ మాత్రం కూర్చోలేదు. ఎలా కూర్చుంటుంది? మిరపకాయ సంగతి బయటికొస్తే కన్నీళ్ళ సంగతి పోతుంది. కూర్చోలేదు గనుక ఆయమ్మ తప్పు చేసిందనీ తేలలేదు, చేయలేదనీ తేలలేదు. గది మాత్రం ఖాళీ చేయించారు. సామాన్లు ఒక ట్రంకు పెట్టె, రెండు దుప్పట్లు. ఆటో ఎక్కించడానికి వెళ్ళింది నేనొక్కదాన్నే. వార్డులో ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ళు కిటికీలోంచి చూశారు. మొన్న వెక్కివెక్కి ఏడ్చినవాళ్ళే వాళ్ళలో చాలామంది.

ఫోటో మటుకు పెద్దది చేయించి ఓపీ హాలులో తగిలించారు. మీరు ఆ ఆసుపత్రికి వెళితే ఇప్పటికీ చూడవచ్చు. పై ఆఫీసు వాళ్ళు దాన్ని క్యాలెండరు మీద కూడా వేశారు. పెద్దాసుపత్రిలో ముసలాయన ఆ వర్షాకాలంలో పోయాడు. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఆరాధన కాగానే ఆయమ్మ బస్సెక్కి గుంటూరు వెళ్ళి, ఆ కాలు కడిగి వచ్చేదట. ఇది నాకు అక్కడి నర్సు చెప్పింది. ఆవిడ తనంతట తాను ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళిద్దరికీ ఫోటో ఏమీ లేదు.

నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పి, రంగు కాగితం చుట్టిన జ్ఞాపిక ఒకటి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి విప్పితే ఆ ఫోటోనే, చిన్న ఫ్రేములో. అందరికీ అదే ఇస్తున్నారట. చెత్తబుట్టలో వేద్దామనుకున్నాను, చేయి రాలేదు. సంచిలో పెట్టుకుని సత్తెనపల్లి వైపు తమ్ముడింట్లో ఉంటున్న ఆయమ్మ దగ్గరికి వెళ్ళాను.

వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూడగానే చెంగుతో పీట తుడిచి వేసింది. ఫోటో ఇచ్చాను. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. ఏడుస్తున్న ఆయన ముఖం, ఆయన మణికట్లు పట్టుకున్న రెండు నల్లటి చేతులు, కింద పళ్ళెంలో పాదాలు.

"కాళ్ళు నాయే. ముఖం పడలేదేందమ్మా?"

"పడింది. కత్తిరించారు."

"పోన్లే. ఈ ముసల్దాని ముఖం ఎవరు చూస్తారు" అని, ఫోటోను నా సంచిలోనే పెట్టేసి, "అన్నం తిందురుగాని రండి" అంది.

కంచాల ముందు కూర్చున్నాక కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. అదే గొణుగుడు. తమ్ముడి ఆవు ఈనాలంది. పక్కింటి పిల్లకు జ్వరం తగ్గాలంది. సిస్టరమ్మ మోకాళ్ళ నొప్పులు పోవాలంది. తరువాత అంది, "ఆ డాక్టరయ్య కళ్ళు చల్లగుండాల తండ్రీ. నా కాళ్ళ మూలాన మండినయ్యి. చూపుకేం కాకుండా కాపాడు."

నేను కళ్ళు తెరిచాను. వేళాకోళమేమోనని ఆవిడ ముఖంలోకి చూశాను. కాదు. వేలికొసలకు మిరప ఎరుపు అంటిన చేతులు జోడించి, నిజంగానే అడుగుతోంది. ఎదురుగా ఉన్న మరదలి ముఖం చూస్తే అర్థమైంది, ఈ మాట ఆ ఇంట్లో ప్రతి పూటా వినేదేనని.

ప్రార్థన ముగించి, నేను ఆమెన్ అనాలని ఆవిడ ఆగింది. చిన్నప్పటి నుంచి లెక్కలేనన్నిసార్లు అన్న మాట, ఎన్నో గొప్ప ప్రార్థనలకు అన్న మాట. ఈ ఒక్కదానికి అనలేకపోయాను. ఆవిడ ఇంకాసేపు నా కోసం చూసింది. తరువాత తనే ఆమెన్ అనుకుని, నా కంచంలో అన్నం వడ్డించింది.